వేట ఆగిన ఒడ్డున పిలకాయల ఆట

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిలిచిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన 61 రోజుల నిషేధం అది. బడులకు వేసవి సెలవులు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఈ రెండింటినీ ఎవరూ కూడబలుక్కుని కలపలేదు. అయినా మే నెలలో నెల్లూరు తీరంలోని ఏ మత్స్యకారుల పాళేనికి వెళ్ళినా, ఏడాదిలో మరెప్పుడూ దొరకని ఆటస్థలం పిల్లలకు దొరికి ఉంటుంది. బోట్లు ఇసుక మీదికి ఎక్కి ఒరిగి ఉంటాయి. వలలు ఇళ్ళలోంచి కుప్పలుగా బయటికి వస్తాయి. నాయనలు నీడపట్టున కూర్చుని తెగిన కళ్ళు కట్టుకుంటుంటారు. పెద్దల కళ్ళ ముందే, పెద్దల పెత్తనం లేకుండా ఆడుకునే వీలు పిల్లలకు అప్పుడు పూర్తిగా చిక్కుతుంది.

నేను ఆ తీరానికి పోయింది అది చూడడానికే. మన ఊళ్ళలో పిల్లల పార్కు అనగానే ముందుగా తెరిచేది పరికరాల కేటలాగు. జారుడుబల్ల ఒకటి, ఉయ్యాలలు రెండు, ఊగుడుబల్ల ఒకటి, చుట్టూ కంచె, కింద ఇంటర్‌లాకింగ్ టైల్స్. ఆ స్థలంలో పిల్లలు అప్పటికే ఏం ఆడుతున్నారో ఒక సాయంత్రం నిలబడి చూసినవాళ్ళు అరుదు. చూడకుండా గీసిన ఆటస్థలంలో పిల్లలు ఆడరని, ఆడినా ఆ పరికరాలతో కాదని నా గట్టి నమ్మకం. జారుడుబల్లని కింది నుంచి పైకి ఎక్కే పిల్లల్ని చూసిన ప్రతివాళ్ళకీ ఇది తెలిసే ఉంటుంది.

నెల్లూరులో మైపాడు గేటు దాటి ఇందుకూరుపేట మీదుగా పోతే సముద్రం ఎంతో దూరం లేదు. కోతలైపోయిన వరిమళ్ళు, గట్ల మీద తాటిచెట్లు, తీరం దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు. రోడ్డు వారగా ఇద్దరు పిల్లలు ముంజకాయల బండి తోలుకుంటూ పోతున్నారు. ముంజలు తినేసిన రెండు కాయలు చక్రాలు, మధ్యలో పుల్ల ఇరుసు, తోయడానికి పొడవాటి పంగలకర్ర. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో పాఠాలు చెప్పిన సుదర్శన్ ఖన్నా ఇలా పిల్లలే చేసుకునే బొమ్మల్ని దేశం నలుమూలల నుంచి సేకరించి పుస్తకాలు చేశారు. ఆ బొమ్మల్లో ఆడేవాళ్ళూ చేసేవాళ్ళూ ఒకరే. ముంజకాయ వాడిపోతే ఇంకోటి కోసుకుంటారు. విరిగితే ఎవరూ తిట్టరు. ఆటస్థలం గురించి ఆలోచించేటప్పుడు ఈ ‘ఎవరూ తిట్టరు’ అన్నది చాలా పెద్ద సంగతి.

మైపాడు ఒడ్డున పొద్దున్నే రెండు రకాల పిల్లలు కనిపిస్తారు. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు అమ్మానాన్నల చేతులు పట్టుకుని అలలోకి దిగి, ఫొటో దిగి, మొక్కజొన్న కండె తిని వెళ్ళిపోతారు. ఊరి పిల్లలు మాత్రం ఇసుకను మూడుగా పంచుకుంటారు. పైన పొడి ఇసుక కుస్తీలకూ పల్టీలకూ. మధ్యలో తడిసి గట్టిపడిన పట్టీ క్రికెట్‌కూ చెడుగుడుకూ. అల వచ్చి పోయే అంచు తవ్వడానికి, గూళ్ళు కట్టడానికి. ఏ ఇసుక మీద పడితే దెబ్బ తగలదో, ఏ ఇసుక మీద బంతి లేస్తుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పార్కుల ఇంజనీర్లు లెక్కలు కట్టి చెప్పే మాట కూడా అదే: వదులుగా ఉన్న పొడి ఇసుక పడినవాణ్ణి కాపాడుతుంది, దిమ్మిసా కొట్టిన నేల కాపాడదు. మరి మన పార్కుల్లో జారుడుబల్ల కాళ్ళ దగ్గర ఉండేది సిమెంటు పలకలు.

ఒక చిన్నపిల్ల ఎండ్రకాయ బొరియలోకి పుల్ల దూర్చి, అది ఇంకో బొరియ నుంచి బయటపడుతుందేమో అని చుట్టూ చూస్తోంది. ఆమె తమ్ముడు రావణాసురుడి మీసాల వెంట పరిగెడుతున్నాడు. ఇసుక దిబ్బల మీద మొలిచే ముళ్ళ గడ్డికి ఆ పేరు. దాని గింజల గుత్తి ముళ్ళబంతిలా ఉండి, ఎండిపోయాక తెగి, గాలికి ఒడ్డంతా దొర్లుతూ పోతుంది. గింజలు చల్లుకోవడం దాని పని, వెంటపడడం పిల్లల పని. గాలి వేగం పెరిగితే ఆట కష్టమవుతుంది, తగ్గితే తేలికవుతుంది. ఏ కంపెనీ చేసిన పరికరానికీ ఈ గుణం లేదు. దిబ్బల మీద బాలబంద తీగనూ ఈ గడ్డినీ చదును చేసి అక్కడ పార్కు కట్టడమంటే, ఇసుకను పట్టి ఉంచే వేళ్ళతో పాటు ఒక ఆటను కూడా పెరికేయడమే. 1991 నుంచీ ఉన్న తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఒడ్డున పక్కా కట్టడాలకు అడ్డు చెబుతాయి. పిల్లల వైపు నుంచి చూసినా అది మంచి నిబంధన.

మైపాడు నుంచి దక్షిణంగా పోయి ఒక పాళెంలో ఆగాను. చేపలు పట్టే పట్టపువాళ్ళ ఊరు. ఒడ్డున ఫైబర్ బోట్లు వరసగా ఎక్కించి ఉన్నాయి, వాటి మధ్య పిల్లలు నేలా బండా ఆడుతున్నారు. ఇసుక నేల, బోటు బండ. దొంగ నేల మీదే తిరగాలి, మిగతావాళ్ళు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు దాటాలి. బోట్ల మధ్య దూరాలు ఒకేలా లేవు. కొన్ని ఆరేళ్ళ పిల్ల కూడా దాటగలిగినవి, కొన్ని పన్నెండేళ్ళవాడు కూడా రెండుసార్లు ఆలోచించేవి. చిన్నవాళ్ళు దగ్గరి బోట్ల మీద, పెద్దవాళ్ళు దూరపు బోట్ల మీద, అందరూ ఒకే ఆటలో. కొనుక్కొచ్చిన పరికరంలో మెట్టుకూ మెట్టుకూ దూరం ఎప్పుడూ సమానమే. ఒకసారి ఎక్కితే నేర్చుకోవడానికి ఇంకేం మిగలదు. ఈ బోట్లను ఇలా నిలిపింది ఆట కోసం కాదు, ఎవరి వీలును బట్టి వాళ్ళు ఎక్కించుకున్నారు. ఆ ఎగుడుదిగుడే ఆటకు ప్రాణం.

ఆట విడిచినప్పుడు వాళ్ళ చేతుల్లోకి వచ్చిన సామాను చూడాలి. వలకు కట్టే బెండ్లు, తెగిన తాళ్ళు, ఐసు పెట్టెల థర్మకోల్ ముక్కలు, పగిలిన ప్లాస్టిక్ గంప, ఒక పాత తెడ్డు. గంటలో అది కొట్టయింది, తర్వాత బోటయింది, ఆ తర్వాత పెళ్ళి పందిరి. ఇంగ్లాండుకు చెందిన సైమన్ నికల్సన్ 1971లో రాసిన ఒక వ్యాసంలో చెప్పింది ఇదే. ఒక చోట పిల్లల సృజన ఎంత సాగుతుందన్నది అక్కడ కదిలించి, మార్చి, కలిపి చూడగల విడి వస్తువులు ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుందని ఆయన వాదన. అంతకు ముందే డెన్మార్కులో సోరెన్సెన్ అనే తోటల రూపశిల్పి, తాను శ్రద్ధగా గీసిన ఆటస్థలాల్ని వదిలి పిల్లలు కట్టడాల దగ్గరి చెత్తలో ఆడుకోవడం గమనించాడు. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగన్‌లో ఎమ్‌డ్రుప్ అనే చోట చెక్కలూ ఇటుకలూ పాత సామానూ పోసి పిల్లలకే వదిలేసిన ఆటస్థలం అలా పుట్టింది. అక్కడ సామాను తెచ్చి పోయాల్సి వచ్చింది. ఇక్కడ సముద్రం మీద బతికే ఊరు కాబట్టి అది రోజూ దానంతటదే వచ్చి పడుతోంది. ఊరు శుభ్రం పేరుతో ఒడ్డంతా ఊడ్చి ఎత్తేసే రోజున గాజు పెంకుల్నీ గాలాల్నీ తుప్పు మేకుల్నీ ఏరి తీసేసి, బెండ్లనూ తాళ్ళనూ వదిలేయమని నేనైతే అడుగుతాను.

పదింటికల్లా ఒడ్డు ఖాళీ అయింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో ఇసుక మీద చెప్పుల్లేని కాలు నిలవదు. తీరంలో నేను చూసిన ఒక పార్కులో స్టీలు జారుడుబల్ల పడమర వైపు తిరిగి, నీడన్నదే లేకుండా ఉంది. మధ్యాహ్నం మూడింటికి దాని మీద అరచేయి ఆనించలేకపోయాను. అరవై డిగ్రీలు దాటిన లోహం కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. దానికి తోడు ఉప్పుగాలి. మేకులు, గొలుసులు, అతుకులు తీరంలో ముందుగా తినేసుకుపోతాయి. నెల్లూరులాంటి చోట ఆటస్థలంలో మొదటి పరికరం నీడే అయి ఉండాలి. ఆ తర్వాతే మిగతావన్నీ.

పిల్లలంతా ఏమయ్యారని అడిగితే ఒక ముసలమ్మ చెయ్యెత్తి చూపించింది. “ఇంకేడికి పోతారమ్మా, ఆ తుఫాను మిద్దె కిందుంటారు.”

1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన తర్వాత ఆంధ్ర తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. ఉప్పెన నీళ్ళు కిందుగా పారిపోవాలని వాటిని స్తంభాల మీద ఎత్తి కట్టారు. పైన గదులు, కింద ఖాళీ. ఆ ఖాళీ తుఫాను వచ్చే రెండు మూడు రోజుల కోసం. మిగతా ఏడాదంతా పిల్లలదే. లోపలికి అడుగుపెట్టగానే ఒళ్ళు చల్లబడింది. నాలుగు వైపులా తెరిచి ఉండడంతో సముద్రపు గాలి ఆగకుండా వీస్తోంది. గచ్చు నున్నగా ఉంది, సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళు ఉన్నాయి. ఒక మూల గచ్చు పెచ్చు లేచిన గుంటల్ని చింతగింజలతో వామనగుంటలు చేసుకున్నారు. నడుమ మాత్రం నాలుగు స్తంభాలాట జోరుగా సాగుతోంది.

జంధ్యాల సినిమా పేరుగానే ఈ ఆటను గుర్తుపెట్టుకున్నవాళ్ళు చాలామంది. నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకోవాలి, ఐదోవాడు దొంగ. స్తంభాలు మారేటప్పుడు ఖాళీ అయిన దాన్ని దొంగ పట్టుకుంటే ఇంకొకరు దొంగ. పాత మండువా ఇళ్ళలో, గుడి మంటపాల్లో ఆడిన ఆట. ఇళ్ళకు స్తంభాలు పోయాక ఆట కూడా పోయిందని నేను అనుకునేదాన్ని. తుఫాను నుంచి ప్రాణాలు కాపాడడానికి కట్టిన కాంక్రీటు మధ్య అది బతికి ఉంది, పైగా పెరిగింది కూడా. ఇక్కడ స్తంభాలు నాలుగు కాదు, వరసలు వరసలు. అందుకని వీళ్ళు పదిమంది ఒకేసారి ఆడుతున్నారు, ఇద్దరు దొంగలు.

“నాలుగు స్తంభాలాటలో ఇద్దరు దొంగలేంది?” అన్నాను.

“స్తంభాలు దండిగుండాయి గదా మేడం. ఒక దొంగైతే వాడు ఏడుస్తాడు,” అంది నిర్వాహకురాలిలా నిలబడ్డ పిల్ల, స్తంభం వదలకుండానే.

ఇంతకన్నా మంచి డిజైన్ పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. స్థలాన్ని బట్టి నియమం మారింది. ఓడిపోయేవాడికి తోడు దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్టు 1947లో బెర్టెల్మాన్‌ప్లైన్ అనే చిన్న కూడలిలో మొదటి ఆటస్థలం గీశాడు. తర్వాతి ముప్ఫై ఏళ్ళలో యుద్ధంలో కూలిన ఇళ్ళ జాగాల్లో, వీధుల మధ్య మిగిలిన ముక్కల్లో ఏడు వందలకు పైగా కట్టాడు. వెడల్పాటి గట్టున్న ఇసుక తొట్టి, గుండ్రటి సిమెంటు దిమ్మెలు, వంపు తిరిగిన ఇనుప కడ్డీలు, అంతే. ఏనుగు బొమ్మ లేదు, రాకెట్టు బొమ్మ లేదు. దిమ్మె అంటే ఏమిటో పిల్లలే తేల్చుకోవాలి. చాలావాటికి కంచెలు కూడా లేవు, ఆటస్థలం వీధిలో భాగంగానే ఉండేది. తుఫాను షెల్టరు స్తంభాలు కూడా అలాంటివే. ఇది ఫలానా అని చెప్పవు, అందుకే ఏమైనా అవుతాయి.

ఇంకో సంగతి అక్కడ కూర్చోగా కూర్చోగా గానీ తెలియలేదు. మిద్దె కింద సగానికి పైగా ఆడపిల్లలు. పొద్దున ఒడ్డున బోట్ల దగ్గర చిన్న ఆడపిల్లలు కనిపించారు, పదేళ్ళు దాటినవాళ్ళు ఒకరిద్దరే. గట్టి ఇసుక పట్టీ మొత్తం మగపిల్లల క్రికెట్‌దే. పెద్దపిల్లలు ఇక్కడున్నారు. ఎందుకు ఇక్కడికి వస్తారంటే వాళ్ళు చెప్పిన కారణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఎదురుగా కొళాయి ఉంది, అమ్మ బిందె నింపమంటే మధ్యలో పోయి రావచ్చు. ఇంట్లో నుంచి కేకేస్తే వినిపిస్తుంది. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చినా గచ్చు మీద దించొచ్చు. స్తంభం వెనక నిలబడి మాట్లాడుకుంటే రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడరు. కనబడడం, కనబడకపోవడం రెండూ కావాలి వాళ్ళకు.

వియన్నాలో 1990లలో చేసిన ఒక అధ్యయనంలో తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం హఠాత్తుగా తగ్గిపోతున్నట్టు తేలింది. ఒక పెద్ద మైదానం ఉంటే దాన్ని మగపిల్లలు ఆక్రమిస్తారు, ఆడపిల్లలు గొడవపడకుండా తప్పుకుంటారు. నగరం 1999లో రెండు పార్కులను మార్చి చూసింది. ఒకే మైదానం బదులు చిన్న చిన్న చోట్లుగా విడగొట్టింది, దారులు పెంచింది, కూర్చునే జాగాలు పెట్టింది. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. పాళెంలోని ఆడపిల్లలు ఆ పని ఎవరి సాయం లేకుండానే చేసుకున్నారు. స్తంభాలే వాళ్ళకు చిన్న చిన్న చోట్లు. మన గ్రామాల్లో ‘క్రీడా మైదానం’ కోసం ఎకరాలు అడిగేవాళ్ళు ఈ మిద్దె కింద ఒక మధ్యాహ్నం గడపాలని నా మనవి. ఎకరం మైదానం ఇచ్చి పిల్లలందరికీ ఇచ్చామనుకుంటున్నాం. సగంమందికి అది అందడం లేదు.

సాయంత్రం కొత్తకోడూరు వైపు పోతూ బకింగ్‌హామ్ కాలువ దగ్గర ఆగాను. 1876–78 ధాత కరువులో కూలిపనిగా కొంత భాగం తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన కాలువ. పడవలు ఏనాడో ఆగిపోయాయి. గట్టు మీద పిల్లలు వరసగా నిలబడి నీళ్ళలోకి దూకుతున్నారు. భయమేసింది. కానీ చూడగా చూడగా ఒక పద్ధతి తెలిసింది. పెద్దవాడొకడు ముందు గెడతో లోతు చూశాడు, తను దూకాడు, తర్వాతే మిగతావాళ్ళు. అందరికన్నా చిన్నవాడు దూకలేదు, గట్టు దిగి నడుం లోతులో నిలబడ్డాడు. ఎవరూ వెక్కిరించలేదు. నార్వేకు చెందిన ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లలు కోరి వెతుక్కునే సాహసపు ఆటల్ని ఆరుగా విడదీసింది: ఎత్తు, వేగం, పదునైన పనిముట్లు, నీళ్ళూ నిప్పూ లాంటివి, కుస్తీలు, కనబడకుండా పోవడం. ఆ ఆరూ నాకు ఈ తీరంలో కళ్ళబడ్డాయి. ఎత్తు నుంచి దూకడం ప్రమాదమని పిల్లలకు కనిపిస్తుంది, దాన్ని వాళ్ళు కొలుచుకుంటారు. కనిపించని ప్రమాదం వేరు. రొయ్యల గుంటల ఏరేటర్లకు వేసిన కరెంటు తీగ, నీటి అడుగున గాజు పెంకు, బయటి నుంచి వచ్చినవాళ్ళను లాగేసే అలల అడుగు ఉరవడి. వీటినే పెద్దవాళ్ళు చూసుకోవాలి. మనం తరచూ దీనికి తలకిందులుగా చేస్తాం: చెట్టెక్కనివ్వం, తీగ పట్టించుకోం.

కృష్ణపట్నం దగ్గరికి వచ్చేసరికి ఒడ్డు కోసుకుపోయినట్టు ఆగిపోతుంది. 2008లో మొదలైన కొత్త రేవు గోడలు, బొగ్గు, లారీల వరస. పిల్లలు రోడ్డు దాటి ఒడ్డుకు పోవడం అక్కడ మరో లెక్క. దాని గురించి వేరే రాయాలి.

మర్నాడు మళ్ళీ పాళెం పోయాను. షెల్టరు పక్కన పిల్లల పార్కు పెట్టాలన్న ఆలోచన ఉందని, దాని గురించి మాట్లాడదామని ఊరి పెద్దలైన కాపుల్లో ఒకాయన రమ్మన్నాడు. విద్యాహక్కు చట్టం 2009 చివర్లో బడికి ఉండాల్సిన వాటి పట్టిక ఒకటుంది. అందులో ఆటస్థలం, ప్రహరీగోడ పక్కపక్కనే వస్తాయి. మనవాళ్ళ మనసుల్లోనూ అవి అలాగే జంటగా ఉన్నాయి. ఆయన మొదటి మాట కూడా గోడే.

“ముందు గోడ కట్టిచ్చాల మేడం. గోడ లేకపోతే పార్కంటే ఎవరూ నమ్మరు.”

పక్కన వల కట్టుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే అన్నాడు: “గోడ గట్టేస్తే పిలకాయల్ని నేను యాడ చూసేదిరా? నేను ఈడ కూసోనుండబట్టే వాళ్ళు ఆడాడుకుంటుండారు.”

కాసేపు వాదన నడిచింది. ఆమ్‌స్టర్‌డామ్ ఇసుక తొట్టి గట్టు సంగతి నేను చెప్పాను. గట్టు వెడల్పుగా ఉండడంతో పిల్లలు దాని మీద ఇసుక రొట్టెలు పేర్చేవాళ్ళు, తల్లులు దాని మీదే కూర్చునేవాళ్ళు. అయితే గోడను మోకాలి ఎత్తుకు దించేద్దాం, మీద వల పరుచుకుని కూర్చునేంత వెడల్పు పెడదాం అన్నాడు కాపు. ఎంత వెడల్పు కావాలో ముసలాయన మూరలతో కొలిచి చూపించాడు. ఉయ్యాల ఎక్కడ పెట్టాలన్న దాని మీద మిద్దె కింది ఆడపిల్లల్ని పిలిచి అడిగారు. కొళాయి వైపు, వేపచెట్టు నీడలో అని అందరూ ఒకే మాట చెప్పారు. మగపిల్లలు ఒడ్డు వైపన్నారు. జారుడుబల్ల అసలు వద్దని, ఆ డబ్బుతో నాలుగు కానుగ మొక్కలు, ఒక లారీ ఇసుక, రెండు పాత బోట్లు చాలని నేనన్నాను. జారుడుబల్ల లేకుండా ప్రారంభోత్సవం ఎట్లా చేసేదని కాపు అడిగాడు. ఆ ఒక్క విషయం నేను బస్సెక్కే దాకా తెగలేదు.